తిమోతి గారి లైటుహౌసుకి నీలం రంగు

తిమోతి గారూ, సోమన్నపాలెం లైటుహౌసూ ఒకే రోజున రిటైరయ్యారు. 1999 మార్చి నెలాఖరున ఆఫీసువాళ్ళు జీపులో వచ్చి, ఆయన మెడలో బంతిపూల దండ, దీపం స్విచ్చికి లక్క సీలు వేసి, ఇద్దరికీ కలిపి ఒకే ఉపన్యాసం ఇచ్చి వెళ్ళిపోయారు. తాళంచెవుల గుత్తి అడగడం మాత్రం మరిచిపోయారు. తిమోతి గారు గుర్తు చెయ్యలేదు. ముప్పైమూడేళ్ళ సర్వీసులో ఆయన చేసిన తప్పుడు పని అదొక్కటే. అది తప్పని ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు.

ఆ తర్వాత ఆయన కాపురం అనకాపల్లిలో, సొంతింట్లో. కాపురమంటే వారానికి ఆరు రోజులే. సోమవారం వచ్చిందంటే పొద్దున్నే టిఫిను కట్టించుకుని ఎలమంచిలి బస్సెక్కేవారు. అక్కడ దిగి ఎస్. రాయవరం మీదుగా ఆటోలు మారి సోమన్నపాలెం చేరేవారు. తాళం తీసి, తొంభైనాలుగు మెట్లూ ఊడ్చి, పైన అద్దాలు తుడిచి, వెలగని దీపానికి ఎదురుగా కూర్చుని ఇడ్లీలు తిని, సాయంత్రానికి ఇల్లు చేరేవారు.

సోమవారం నాడు ఆయన కోసం ఎవరైనా వస్తే రూతమ్మ గుమ్మంలోంచే చెప్పేది. "లేరండీ. మా సవతి దగ్గరికెళ్ళేరు. అది పొడుగ్గా, సన్నంగా ఉంటాది కదా, ఇంకా నన్నేటి సూస్తారు?"

నవ్వుతూనే అనేది కానీ, ఆ నవ్వులో కాస్త కారం ఉండేది. పిల్లల చదువుల కోసం ఆవిడ అనకాపల్లిలో, దీపం కోసం ఆయన సోమన్నపాలెంలో ముప్పైమూడేళ్ళు గడిపారు. ఇంట్లో కరెంటు పోతే లాంతరు వెలిగించడానికి కూడా మనిషి లేడు కానీ, సముద్రంలో ఎవరికో మాత్రం ఈయన దీపం పెట్టేవాడు. ఆ ఎవరో ఎవరని రూతమ్మ చాలాసార్లు అడిగింది. ఆ ప్రశ్నకి తిమోతి గారి దగ్గర జవాబు లేదు. అదే ఆయన బాధ కూడాను.

2007 జనవరిలో ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. సోమన్నపాలెం దీపస్తంభం పాతబడింది, వాడుకలో లేదు, కనుక పడగొట్టాలని ఆలోచన. పడగొట్టడానికి ముందు దాని చరిత్ర రికార్డు చేసుకోవాలి. ఫిబ్రవరిలో ఫలానా సోమవారం ఇంజనీరు వస్తాడు. పాత ఉద్యోగిగా మీరు ఈ ఫారం నింపి ఉంచవలెను. ఫారంలో నాలుగే ప్రశ్నలున్నాయి. ఎప్పుడు కట్టారు? ఇక్కడే ఎందుకు కట్టారు? ఎన్ని ఓడలను కాపాడింది? ప్రస్తుతం దేనికి ఉపయోగపడుతోంది?

తిమోతి గారు కళ్ళజోడు పెట్టుకుని ఫారం చదివి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చదివారు. మొదటి ప్రశ్నకి తప్ప దేనికీ రాయదగ్గ జవాబు లేదు. జవాబు లేకపోతే టవరు ఉండదు. టవరు లేకపోతే, ఏవయ్యా తిమోతీ, ముప్పైమూడేళ్ళు ఏం చేశావని ఎవరైనా అడిగితే చెయ్యెత్తి చూపించడానికి ఏమీ మిగలదు. ఆ రాత్రి ఆయన అన్నం సగంలో వదిలేసి లేచారు.

మర్నాడు సోమవారం కాకపోయినా సోమన్నపాలెం వెళ్ళారు. పరదేశి తన పాకలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. ఊళ్ళో ఉన్న పదకొండు పడవల్లో ముందు నడిచేది అతనిదే. తిమోతి గారూ అతనూ ఒక ఈడువాళ్ళు, ముప్పైయేళ్ళుగా బావా అంటే బావా అనుకునేవాళ్ళు. ఫారం సంగతి విని పరదేశి వల పక్కన పెట్టాడు.

"దీనికింత బెంగెందుకు బావా? రాసీ. రష్యా ఓడొకటి మన రాళ్ళ మీదకొచ్చేత్తంటే, నీ లైటు సూసి ఎనక్కెల్లిపోనాదని రాసీ."

"ఏ సంవత్సరంలో?"

"నీకే సంవచ్చరం గావాల?"

"అది కాదు బావా. రిజిస్టర్లో లేంది నేను రాయను."

రిజిస్టర్లు ముప్పైమూడు. సంవత్సరానికొకటి. పైన గదిలో బీరువా నిండా ఉన్నాయి. ఎందులో ఏ పేజీ తీసినా తిమోతి గారి గుండ్రటి అక్షరాల్లో ఒకటే వాక్యం. 'దీపము సక్రమముగా వెలిగినది. విశేషములు లేవు.' పన్నెండు వేల రాత్రులు, పన్నెండు వేలసార్లు విశేషములు లేవు. ఓడలు అసలీ దరిదాపులకి వచ్చేవే కావు. ఎప్పుడైనా ఒకటి వచ్చినా, ఉత్తరం నుంచి వచ్చేవాటికి ఎర్రకొండ అడ్డం.

"సరే, ఓడల్ని ఒగ్గీ. ఇక్కడే ఎందుకు కట్టేరో అది రాసీ," అన్నాడు పరదేశి.

"అదే సిగ్గుచేటు కదా బావా! కట్టాల్సింది కొండ మీద. ఇటికల లారీ వచ్చి ఈ ఇసకలో దిగబడిపోయింది. రెండో లారీ దాన్ని లాగబోయి అదీ దిగబడింది. ఇటికలన్నీ ఇక్కడే దింపేసేరు. మళ్ళీ కొండెక్కించడానికి కంట్రాక్టరుకి ఒళ్ళు బద్ధకం. కాయితాలేవో మార్పించి ఇక్కడే కట్టేసేడు. గవర్నమెంటు ఫారంలో ఇదెలా రాస్తాను?"

పరదేశికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. మొహం అటు తిప్పుకుని చాలాసేపు దగ్గాడు.

"పోనీ, ఇప్పుడు దీనివల్ల మీకేటైనా ఉపయోగముందా? ఉంటే అదే రాస్తాను."

పరదేశి సముద్రం వైపు చూశాడు, వల వైపు చూశాడు, తిమోతి గారి వైపు మాత్రం చూడలేదు. "ఏదో, దాని మానాన అది నిలబడ్డాది కదా," అని నసిగాడు. "నువ్వు దిగులెట్టుకోకు. ఆ సోమారం నాను ఎనిమిదింటికల్లా ఒడ్డుకొచ్చెత్తాను. ఉతికిన సొక్కా ఏసుకొచ్చి రష్యా ఓడ సంగతి నానే సెప్తాను. నీకు పాపం తగలదు."

పాపం సంగతి దేవుడెరుగు, కనీసం మనిషి చూడగానే పడగొట్టాలనిపించకుండా టవరుని తయారు చెయ్యాలని తిమోతి గారు అనుకున్నారు. నిజానికి దాని ఆకారం అధ్వాన్నంగా ఉంది. ఒకప్పుడు తెల్లగా ఉండి, నడుముకి వెడల్పాటి నల్లపట్టీ ఉండేది. ఇప్పుడు తెలుపు మాసిపోయి, పట్టీ పెచ్చులూడుతోంది. ఆయన మేనల్లుడు శాంతికుమార్ పెయింటింగు కంట్రాక్టులు చేస్తుంటాడు. మొన్ననే చర్చికి రంగులేసి, ఏడు డబ్బాలు ఆకాశనీలం మిగుల్చుకున్నాడు.

"ఊరికే ఇచ్చెత్తాను మావయ్యా, పనోళ్ళని కూడా పంపుతాను. గానీ నీలం ఫరవాలేదా?" అన్నాడతను.

"పగటిపూట లైటుహౌసుని ఎవడు చూస్తాడ్రా? దీపం రాత్రిపూటది. పగలు చూసేది ఆ ఇంజనీరు ఒక్కడే," అన్నారు తిమోతి గారు.

రంగు మార్చకూడదని ఆఫీసు రూలొకటి ఉండేది. ఎందుకు మార్చకూడదో ముప్పైమూడేళ్ళలో ఆయన ఎవర్నీ అడగలేదు. ఆయన ప్రాణమంతా దీపంలో ఉండేది. దీపం కింద ఉన్న తొంభైనాలుగు మెట్ల కట్టడం ఆయన దృష్టిలో దాన్ని నిలబెట్టే స్టాండు మాత్రమే.

శుక్ర, శని, ఆదివారాలు సోమన్నపాలెంలో అమ్మవారి పండగ. ఆ మూడు రోజులూ పడవ కదలదు. ఇటు డప్పులు మోగుతుంటే అటు పైనుంచి తాళ్ళు కట్టుకుని వేలాడుతూ పనివాళ్ళు రంగు వేశారు. ఊరు ఊరంతా వచ్చి మెచ్చుకుంది. పరదేశి అయితే పండగ హుషారులో టవరు చుట్టూ రెండుసార్లు తిరిగి, "పెళ్ళికొడుకు నాగున్నాది బావా!" అని తిమోతి గారిని కౌగిలించుకున్నాడు. నల్లపట్టీ కూడా నీలంలో కలిసిపోయింది. అది లేదని ఎవరికీ తోచలేదు.

సోమవారం తెల్లవారకముందే పదకొండు పడవలూ వేటకి వెళ్ళాయి. ఎనిమిదిన్నరకి తిమోతి గారు వచ్చేశారు. ఈసారి వెంట రూతమ్మ కూడా ఉంది. ఇంజనీరుకి పెట్టడానికి కేజీ మాడుగుల హల్వా పట్టుకొచ్చింది.

"సవతికి ముస్తాబు చేసేరట కదా. సూడకపోతే ఏం బాగుంటాది?" అంటూ తల పైకెత్తి చూసింది. చాలాసేపు చూసి, "ఏటండీ, పైకెళ్ళేకొద్దీ ఎక్కడ అయిపోయిందో తెలీట్లేదు?" అంది.

"నీ కళ్ళజోడు మార్పించాలి," అన్నారు తిమోతి గారు.

తొమ్మిదింటికి ఇంజనీరు సురేష్ బాబు జీపు దిగాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. టవరు చుట్టూ తిరిగి, అట్టకి బిగించిన కాగితాల్లో ఏదో రాసుకుని, "రంగు బాగుందండీ. కానీ రంగు చూసి నేనేమీ రాయలేను కదా. ఫారం నింపారా?" అన్నాడు.

తిమోతి గారు జేబులోంచి ఫారం తీశారు. మొదటి గడిలో సంవత్సరం ఉంది. రెండో గడిలో, రాయాలా వద్దా అని రాత్రంతా తన్నుకులాడి, ఉన్నదున్నట్టు లారీ సంగతి రాశారు. మూడో గడిలో 'లేవు' అని రాసి ఉంది. నాలుగో గడి ఖాళీ. అది చదివి సురేష్ బాబు నిజంగానే నొచ్చుకున్నాడు. నాలుగో గడిలో ఏదో ఒకటి లేకపోతే తన చేతుల్లో ఏమీ లేదన్నాడు.

"కొంచెం ఆగండి బాబూ, పరదేశి వచ్చేస్తాడు," అన్నారు తిమోతి గారు. రష్యా ఓడ మీద ఆయనకి నమ్మకం లేదు. అయినా కాసేపు ఆగితే ఏదైనా జరక్కపోతుందా అని ఒక ఆశ. ఒడ్డు వైపు చూసిన తర్వాతే ఆయనకి తట్టింది. పరదేశే కాదు, ఎవరూ రాలేదు.

ఒడ్డున ఆడవాళ్ళు ఖాళీ గంపలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎలమంచిలి మార్కెట్టుకి చేపలు పట్టుకెళ్ళే ఆటో స్టార్టు చేసి, ఆపి, మళ్ళీ స్టార్టు చేస్తున్నారు. ఎనిమిదింటికి రావలసిన పడవలు తొమ్మిదిన్నరైనా ఒక్కటీ లేవు. గాలి లేదు, తుపాను లేదు. పదకొండు పడవల్లో నలభైనాలుగు మంది ఉన్నారు.

తిమోతి గారు ఇక ఆగలేదు. ఫారం ఇంజనీరు చేతిలోనే వదిలేసి, పాత దుర్భిణీ పట్టుకుని మెట్లెక్కారు. అరవైయారేళ్ళ మనిషి మధ్యలో ఒక్కచోటే ఆగారు. పైకెళ్ళి చూస్తే సముద్రం మీద పల్చటి మంచు, దాని మీద లేత ఎండ పడుతోంది. పడవలు కనిపించాయి, బతికిపోయాను దేవుడా అనుకున్నారు. తర్వాత చూసింది ఆయనకి అర్థం కాలేదు. ఎనిమిది పడవలు వరసకట్టి దక్షిణంగా, పక్క ఊరు నల్లమ్మపేట వైపు పోతున్నాయి. నల్లమ్మపేటలో కొత్తగా కట్టిన నీళ్ళట్యాంకు తెల్లగా మెరుస్తోంది. తక్కిన మూడు మాత్రం సోమన్నపాలెం ఎదురుగానే, రాళ్ళకి అవతల, ఇటు నాలుగు బారలు అటు నాలుగు బారలు తచ్చాడుతున్నాయి. ముందున్నది పరదేశి పడవ. నలభైయేళ్ళుగా వచ్చిపోయే ఇంటికి దారి తెలియనట్టు తిరుగుతోంది.

సోమన్నపాలెం రేవుకి రెండు పక్కలా నీళ్ళలో రాళ్ళున్నాయి. మధ్యలో ఉన్న సందులోంచే పడవ రావాలి. సందు తప్పితే పడవ మిగలదు.

కిందనుంచి కేక వినబడింది. పరదేశి భార్య దేముడమ్మ టవరు మొదట్లో నిలబడి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. "ఓలమ్మో! నల్లపట్టీ ఏదోలమ్మా!" అని గుండెలు బాదుకుంటోంది.

తిమోతి గారు దిగివచ్చేసరికి ఆవిడ ఆయన మీద విరుచుకుపడింది. "బాబూ, నల్లపట్టీ ఏటి సేసేవు?"

"నీలం వేసేం కదమ్మా. నల్లపట్టీ ఎందుకిప్పుడు?"

దేముడమ్మ నోరు తెరిచి, మూసి, చుట్టూ ఉన్న ఆడవాళ్ళ వంక చూసింది. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. సముద్రంలో దారి దేన్ని చూసి పట్టుకుంటారో ఆ గుర్తు పరాయివాడికి చెప్పకూడదు. తాత తండ్రికి, తండ్రి కొడుక్కి పడవ మీదే చెప్పాలి. పక్క ఊరివాళ్ళు పిల్లనిచ్చినవాళ్ళైనా వాళ్ళకీ చెప్పరు. తిమోతి గారు ముప్పైమూడేళ్ళు ఆ ఊరి ఉప్పు తిన్నా, ఆ లెక్కన పరాయివాడే.

"సెప్పకూడదు గానీ సెప్తన్నాను," అంది దేముడమ్మ. "ఆ నల్లపట్టీ ఎల్లి ఎర్రకొండ భుజం మీద కూకోవాల. అప్పుడు ముక్కు సూటిగా వత్తే సందులోకొత్తారు. మా మావ కాడనుంచీ అదే గుర్తు. ఇప్పుడది ఆకాశంలో కలిసిపోనాది. ఆల్లకి లైటూ కనపడదు, పట్టీ కనపడదు. నల్లమ్మపేట ట్యాంకు సూసి ఎల్లిపోతన్నారు. మా ముసిలోడికి పౌరుషం ఎక్కువ, ఆడెల్లడు. గుడ్డిగా వచ్చి రాళ్ళ మీద పడతాడు."

పగటిపూట ఎవడు చూస్తాడని తను అన్న మాట తిమోతి గారి చెవుల్లో మోగింది. కానీ కూర్చుని ఏడవడానికి టైము లేదు.

"రంగు కాకపోతే గుడ్డ కడదాం. ఏదైనా ముదురు రంగుది, పెద్దది," అన్నారు.

జవాబు రూతమ్మ చెప్పింది. ఆవిడ ఒడ్డున ఉన్న కంచె వైపు చూస్తోంది. పండగకి కట్టి, పసుపునీళ్ళలో తడిసి, ఉతికి ఆరేసిన చీరలు కంచె పొడుగునా ఉన్నాయి. అమ్మవారికి ఎరుపంటే ఇష్టమని అన్నీ ముదురెరుపు చీరలే.

తర్వాత పావుగంటలో సోమన్నపాలెం లైటుహౌసు తన జన్మలో చూడనంత జనాన్ని చూసింది. దేముడమ్మ నాలుగు చీరలు భుజాన వేసుకుని ముందు ఎక్కింది. వెనక ముగ్గురు ఆడవాళ్ళు, ఆ వెనక అట్టా కాగితాలూ పక్కన పడేసి, రెండు చంకల్లో రెండు చీరల మూటలు ఇరికించుకుని సురేష్ బాబు, అతని వెనక ఆయాసపడుతూ రూతమ్మ. పెళ్ళైన నలభైయేళ్ళలో ఆవిడ ఆ మెట్లెక్కడం అదే మొదలు. పైన పిట్టగోడ ఊచలకి చీర కొంగులు ముళ్ళేసి, సముద్రం వైపు కిందికి వదిలారు. పది చీరలు పక్కపక్కనే జారి, నీలం టవరు మీద ఎర్రగా విప్పుకున్నాయి.

తిమోతి గారు దుర్భిణీ కళ్ళకి ఆనించారు. పరదేశి పడవ ఆగింది. కొంచెం వెనక్కి వెళ్ళింది. నెమ్మదిగా ముక్కు తిప్పింది. ఇంకొంచెం దక్షిణానికి జరిగి, ఎర్రటి చీరల్ని ఎర్రకొండ భుజానికి సరిచూసుకుని, తిన్నగా సందులోకి వచ్చింది. దాని వెనకే రెండోది, మూడోది. రాళ్ళు దాటేదాకా ఆయన దుర్భిణీ దించలేదు.

పరదేశి ఒడ్డుకి దూకుతూనే తిట్లు అందుకున్నాడు. ఒంటి మీద మాట ఇచ్చినట్టే ఉతికిన చొక్కా ఉంది. అది నిలువునా తడిసి ఉంది. "ఏటి బావా నువ్వు సేసిన పని? నలభై ఏళ్ళ బట్టి సూత్తన్న మొగం మాయం సేసేత్తావా? రెండు గంటలు తిరిగేను! నా కళ్ళు పోనాయనుకున్నాను! నా పడవ రాళ్ళ పాలైపోయేది కదా!"

రంగు చూసి కౌగిలించుకున్నది కూడా అతనే కానీ, అది గుర్తు చేసే స్థితిలో తిమోతి గారు లేరు. ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. జీవితంలో ఇన్ని తిట్లు ఇంత సంతోషంగా ఆయన ఎప్పుడూ తినలేదు.

"బావా, నువ్వు దీన్ని రోజూ చూస్తావా?"

"సూడకపోతే ఇంటికెలాగొత్తాననుకున్నావు? నీ మొగం సూడని రోజులున్నాయి గానీ, దీని మొగం సూడని రోజు నేదు."

"మరి ఆవేళ అడిగితే చెప్పలేదేం?"

పరదేశి తల గోక్కున్నాడు. "గుర్తు సెప్పకూడదు కదా. పైగా మా పడవలు గవర్నమెంటుకి ఓడల కింద లెక్కేటి?" అని, పెళ్ళాం వంక చూశాడు. రహస్యం బయటపడిందని ఆవిడ మొహమే చెబుతోంది. ఇంక దాచి లాభం లేదనుకున్నాడో ఏమో, గొంతు తగ్గించాడు. "ఇంకోటి కూడా ఉన్నాది బావా. ఆ లారీ దానంతటది దిగబడిపోనాదనుకున్నావేటి?"

"అంటే?"

"కొండ మీద కడితే ఓడలకి బాగుంటాది. మాకేటి? సందుకెదురుగా ఉంటేనే కదా మాకు. డ్రైవరు దారడిగితే మా అయ్యే సూపించేడు, ఇటు గట్టిగుంటాదెల్లు నాయనా అని. రెండో లారీకీ ఆయనే సూపించేడు. కేసెడతారని బయమేసి ఊరంతా నోరు మూసుకున్నాం."

తిమోతి గారు వెనక్కి తిరిగి టవరు వైపు చూశారు. ముప్పైమూడేళ్ళుగా తప్పుచోట కట్టిన లైటుహౌసుకి తను కాపలా కాశానని ఆయన సిగ్గుపడుతూ వచ్చారు. అది కట్టాల్సిన చోటే ఉంది. ఎదురు చూసేవాళ్ళకి ఎదురుగానే ఉంది. ఆ సంగతి తనొక్కడికే తెలియదు.

సురేష్ బాబు అట్ట మీద ఇసక దులుపుకుని ఫారం తీశాడు. "లారీ సంగతి నేను వినలేదండీ," అని, రెండో గడిలో 'స్థానికుల సలహా మేరకు' అని చేర్చాడు. మూడో గడిలో 'లేవు' కొట్టేసి, 'ఈ రోజు మూడు' అని రాశాడు. నాలుగో గడి దగ్గర పెన్ను ఆపి, "మీరే చెప్పండి సార్," అన్నాడు.

"రాయండి. ఒక్క పూట కనబడకపోతే ఎనిమిది పడవలు పరాయి ఊరికెళ్ళిపోయాయి," అన్నారు తిమోతి గారు.

ఆ ఎనిమిది పడవలవాళ్ళూ మధ్యాహ్నానికి నడుచుకుంటూ వచ్చారు. నల్లమ్మపేటవాళ్ళు వేళాకోళం చేసి చేసి పంపినట్టు వాళ్ళ మొహాలే చెప్పాయి. ఇంజనీరు కోసం తెచ్చిన మాడుగుల హల్వా వాళ్ళని ఊరుకోబెట్టడానికే సరిపోయింది. తెలుపు, నలుపు రంగు డబ్బాలు పంపమని శాంతికుమార్‌కి కబురు వెళ్ళింది. అంతవరకూ చీరలు దింపడానికి వీల్లేదని పరదేశి తీర్మానించాడు. అందులో మూడు తనవేనని, ఎండకి వెలిసిపోతే కొత్తవి ఎవరు కొంటారని దేముడమ్మ సాయంత్రం దాకా అడుగుతూనే ఉంది.

బస్సు వేళ దగ్గరపడుతుంటే తిమోతి గారు పైన గదిలోకి వెళ్ళి బీరువా తీశారు. ఆఖరి రిజిస్టర్లో మార్చి నెలాఖరు తర్వాత పేజీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆ రోజు తేదీ వేసి, 'దీపము వెలగలేదు' అని రాశారు. అలవాటు కొద్దీ చెయ్యి తర్వాతి మాట రాయబోయి ఆగింది.

"ఏటి రాస్తున్నారు?" అంది రూతమ్మ. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, ఇంటిదారి పట్టిన మనుషుల్నీ, ఒడ్డెక్కిన పడవల్నీ చూస్తోంది. "ఇకనుంచి సోమవారం నేనూ వస్తాను. మిమ్మల్ని పూర్తిగా దానికొదిలేస్తే ఎలాగ?"

తిమోతి గారు నవ్వి, తల వంచుకుని, తన గుండ్రటి అక్షరాల్లో నెమ్మదిగా రాశారు. 'విశేషములు ఉన్నవి.' తర్వాత పేజీ తిప్పారు. చోటు సరిపోయేలా లేదు.